ఓర్చుకోవాల్సిన నొప్పి, వెంటనే చెప్పాల్సిన నొప్పి

ఎముక పొడవు పెంచే ఆపరేషన్ చేయించుకుని ఇంటి దగ్గర కోలుకుంటున్నవాళ్లు, వాళ్లను కనిపెట్టుకుని ఉంటున్నవాళ్లు పంపిన ప్రశ్నలకే ఈసారి పేజీ మొత్తం ఇచ్చేశాం. ఈ ఆపరేషన్‌లో ఎముకను కోసి, చర్మం గుండా ఎముకలోకి వెళ్లే పిన్నులతో బయట రింగులు గానీ, ఎముక లోపల రాడ్ గానీ అమరుస్తారు. ఆపైన రింగుల నట్లు తిప్పుతూ, లేదా రాడ్‌ను మాగ్నెట్‌తో సాగదీస్తూ, కోసిన ముక్కలను రోజూ కొద్దికొద్దిగా దూరం జరుపుతారు, మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. ఉత్తరాలు చదువుతుంటే నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. చాలామంది తమ నొప్పి గురించి ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెప్పకుండా మాకు రాస్తున్నారు. చెబితే పొడవు పెంచడం ఆపేస్తారేమోనని కొందరికి భయం, "నొప్పి ఉంటుందని ముందే చెప్పాంగా" అంటారేమోనని ఇంకొందరికి మొహమాటం. కింద రాసినవాటిలో మీ పరిస్థితి కనిపిస్తే చదివి ఊరుకోకండి, ఆ డాక్టరుకు ఫోన్ చేయండి. మందుల మోతాదు ఎప్పుడైనా వాళ్లు చెప్పినదే.

ప్రశ్న: రెండు కాళ్లకీ మోకాలి కింది ఎముకలకు ఆపరేషన్ జరిగి మూడు వారాలైంది. పగలు ఎలాగో గడిచిపోతోంది కానీ రాత్రి పడుకోగానే పిక్కలు పట్టేసి, లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంటుంది. నిద్ర లేదు. ఇచ్చిన మాత్రలు చాలక ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ కూడా వేసుకుంటున్నాను. ఇది మామూలేనా? ఎన్నాళ్లుంటుంది? — 26 ఏళ్ల పాఠకుడు

ముందు ఆ ఐబుప్రోఫెన్ ఆపండి, వేసుకున్న సంగతి డాక్టరుకు చెప్పండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వాపును తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని అడ్డుకోవడం ద్వారా, కొత్త ఎముక పుట్టడానికి కూడా అదే పదార్థం కావాలి. మనుషుల్లో ఈ ప్రభావం ఎంతన్నదానిపై డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నా, పొడవు పెంచుతున్న రోజుల్లో వీటిని వద్దనే సర్జన్లే ఎక్కువ. పైగా ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తుంటే, దానికి తోడు ఇవి వేసుకుంటే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

ఇక మీ నొప్పి సంగతి. ఈ పద్ధతిని సైబీరియాలోని కుర్గాన్‌లో 1950ల నుంచి అభివృద్ధి చేసిన గావ్రీల్ ఇలిజరోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, కోసిన ఎముకను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, అదీ ఒకేసారి కాకుండా చిన్న చిన్న భాగాలుగా జరిపితే మధ్యలో కొత్త ఎముక బాగా పుడుతుందని చూపించారు. రోజుకు 2 మిల్లీమీటర్లంటే కొత్త ఎముక సరిగ్గా రాదు, అర మిల్లీమీటరంటే అనుకున్న పొడవు రాకముందే ఎముక అతుక్కుపోవచ్చు. అందుకే ఇప్పటికీ చాలామందికి ఆపరేషన్ తర్వాత 5 నుంచి 10 రోజులు ఆగి, ఆపైన రోజుకు 4 సార్లు పావు మిల్లీమీటరు చొప్పున తిప్పమంటారు. ఎముక ఖాళీని తనే నింపుకుంటుంది కానీ పిక్క కండరం, నరం ఆ వేగాన్ని అందుకోలేక బిగుసుకుంటాయి. పగలు కదులుతుంటారు కాబట్టి అంతగా తెలియదు, రాత్రి కాలు కదలకుండా ఉండేసరికి బిగుతంతా బయటపడుతుంది. మీరు రాసిన లాగుడు దాదాపుగా ఇదే, ఈ దశలో ఉండేదే. అలాగని నిద్ర లేకుండా భరించాలని కాదు.

నొప్పి ఎలా ఉందో డాక్టరుకు మాటల్లో చెప్పండి, ఎందుకంటే మందు దాన్ని బట్టే మారుతుంది. కండరం పట్టేసినట్టు ఉంటే ఒక రకం మందు, పాదంలో మంటగా, కరెంటు షాక్ కొట్టినట్టు, దుప్పటి తగిలినా ఓర్వలేనట్టు ఉంటే అది నరం నొప్పి, దానికి గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి ఇస్తారు, మామూలు నొప్పి మాత్రలు దాని మీద పెద్దగా పనిచేయవు. కొత్తగా నరం నొప్పి మొదలైందంటే మాత్ర అడిగి సరిపెట్టుకోకండి, పరీక్ష కూడా చేయించుకోవాలి, ఎందుకో కింద ఇంకో జవాబులో రాశాను. పిన్ను చుట్టూ మాత్రమే నొప్పి అంటే మందు కంటే ముందు పిన్నును చూడాలి. "నొప్పిగా ఉంది" అని ఒక్క మాట అంటే వాళ్లు ఉన్న మందు డోసు పెంచడం తప్ప ఏం చేస్తారు?

వేళకు వేసుకోమన్న మాత్రను నొప్పి ముదిరేదాకా ఆపుకోవద్దు, ముదిరాక దాన్ని దించడం కష్టం. పారాసిటమాల్ పెద్దవాళ్లకు అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువున్నా కాలేయం బాగాలేకపోయినా ఇంకా తక్కువే. ట్రమడాల్ కలిపిన మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, అట్ట మీద చూడకుండా రెండూ వేసుకునేవాళ్లు ఎంతోమంది. ట్రమడాల్, మార్ఫిన్ రకం మందులతో మలబద్ధకం తప్పదనే అనుకుని మొదటి రోజు నుంచే దానికి మందు అడగండి. వాటితో పాటు ప్రీగాబలిన్ కూడా రాసి ఉంటే, ఆ పైన మద్యం గానీ సొంతంగా నిద్రమాత్ర గానీ అస్సలు వద్దు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

పడుకునే ముందు ఫిజియోథెరపిస్టు నేర్పిన పిక్క సాగదీత చేసి పడుకోండి. చివరి తిప్పుడు సరిగ్గా నిద్రవేళకు పడుతుంటే వేళలు మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి, నొప్పి మరీ ఎక్కువైతే కొన్నాళ్లు వేగం తగ్గిస్తారు కూడా. ఇంకో మాట: మోకాలి కింద దిండు పెట్టుకుంటే ఎంత హాయిగా ఉన్నా పెట్టుకోకండి. మోకాలు వంగిన భంగిమలోనే బిగుసుకుపోతుంది, తర్వాత దాన్ని నిటారు చేయడానికి పడే బాధ ఈ రాత్రుల కంటే ఎక్కువ.

ఎన్నాళ్లంటే, పొడవు పెంచుతున్నన్నాళ్లూ ఎంతో కొంత ఉంటుంది, చివరి వారాల్లో పెరుగుతుంది, తిప్పడం ఆపాక సాధారణంగా కొన్ని వారాల్లో బాగా తగ్గిపోతుంది.

ప్రశ్న: మా ఆయనకు తొడ ఎముకకు ఆపరేషన్ చేసి నాలుగు రోజులైంది, ఇంటికి పంపేశారు. ఎలాంటి నొప్పికి కంగారు పడాలి, ఎలాంటిదానికి అక్కర్లేదు? ప్రతిదానికీ ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో.

విసుక్కుంటే విసుక్కోనివ్వండి అమ్మా, ఫోన్ చేయండి.

కొన్నిటికి మాత్రం ఫోన్ చేసి జవాబు కోసం కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మందు వేసినా లెక్కచేయకుండా నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే, కాలు రాయిలా బిగుసుకుని, కాలి వేళ్లను మీరు మెల్లగా వంచి చాచినా కేక పెడుతుంటే, కండరాల గదిలో ఒత్తిడి పెరిగి రక్తం ఆడటం లేదేమోనని అనుమానించాలి. దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది కాబట్టి తెల్లవారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఎక్కువగా మోకాలి కింద ఆపరేషన్లలో వస్తుంది, తొడలోనూ రావచ్చు.

ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి నొప్పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం లాంటివైతే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని వెంటనే చూడాలి. తొడ ఎముక లోపల రాడ్ వేసినవాళ్లలో మొదటి మూడు రోజుల్లో ఆయాసంతో పాటు మనిషి తికమకగా మాట్లాడటం, ఛాతీ మీదా చంకల్లోనూ చిన్న ఎర్ర చుక్కలు కనిపించడం ఉంటే అది కొవ్వు రక్తంలో కలవడం వల్ల కావచ్చు. మీవారికి ఆ మూడు రోజులు దాటాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం ఇంకా కొన్ని వారాలుంటుంది, అందుకని రక్తం పలచబరిచే మందు, ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ, చెప్పినన్ని రోజులూ మానకుండా వాడించండి.

ప్రశ్న: మా పాపకు 12 ఏళ్లు. పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. ఇప్పుడు ఇలిజరోవ్ రింగులు వేశారు. రోజూ నట్లు తిప్పాల్సింది నేనే. తిప్పుతుంటే అది ఏడుస్తుంది, నా చేతులు వణుకుతాయి. ఒక పిన్ను దగ్గర ఎర్రగా ఉంది, కాస్త రసి కారుతోంది. తప్పు చేస్తున్నానా?

ఆ పాప ఏడుపుకు కారణం మీరు కాదు. అది మీ మనసుకు ఎక్కాలని ముందే రాస్తున్నాను.

చాలామంది పిల్లలు తిప్పే క్షణంలో నొప్పి కంటే ఎదురుచూపుకే ఎక్కువ భయపడతారు. వేళ పక్కాగా పెట్టుకోండి, ముందు రోజే చెప్పి ఉంచండి, 12 ఏళ్ల పిల్ల కాబట్టి స్పానర్ తన చేతికే ఇచ్చి మీరు పక్కన కూర్చుని చూడొచ్చు, తన కాలి మీద తన అదుపు ఉందనుకుంటే పిల్లలు మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఏ నట్టు, ఏ వైపు, ఎన్నోసారి తిప్పారో ఒక నోట్‌బుక్‌లో అప్పటికప్పుడే రాయండి, నట్టు మీద మార్కర్‌తో బాణం గుర్తు పెట్టండి. వెనక్కి తిప్పేయడం, ఒకే నట్టును రెండుసార్లు తిప్పడం ఇళ్లలో జరుగుతూనే ఉంటాయి. ఒకసారి మరిచిపోతే సొంతంగా రెండూ కలిపి తిప్పకండి, అడిగి చేయండి.

పిన్నుల దగ్గర ఇన్ఫెక్షన్ ఈ వైద్యంలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది. పల్చగా, నీళ్లలా కొంచెం కారి పెచ్చులా ఎండిపోతుంటే అది మామూలే. చుట్టూ ఎర్రగా, వెచ్చగా మారి, కారేది చిక్కబడి, ముట్టుకుంటే నిన్నటి కంటే ఎక్కువ నొప్పెడుతుంటే ఇన్ఫెక్షన్ మొదలైనట్టే. మీరు రాసిన ఎరుపు అలాంటిదే అనిపిస్తోంది కాబట్టి ఫోటో తీసి ఇవాళే డాక్టరుకు పంపండి. ఈ దశలో పట్టుకుంటే చాలావరకు నోటి ద్వారా వేసుకునే యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోతుంది, తగ్గింది కదా అని కోర్సు మధ్యలో మానకండి. పిన్ను కదులుతున్నట్టు ఉంటే, చలిజ్వరం వస్తే, చీము కారుతుంటే ఫోటోలతో కాలక్షేపం వద్దు, పాపను తీసుకెళ్లండి.

శుభ్రం చేసే పద్ధతి ఆస్పత్రిని బట్టి మారుతుంది, కొందరు సెలైన్ వాడమంటారు, కొందరు క్లోరెక్సిడిన్, ఎండిన పెచ్చు తీయాలా వద్దా అన్నదాని మీద కూడా ఒక్కొక్కరిది ఒక్కో మాట. మీకు చెప్పినది పాటించండి, విన్నవన్నీ కలపకండి. చేతులు కడుక్కోవడం, ఒక్కో పిన్నుకు వేరే గాజ్ (కట్టు కట్టే పల్చటి జాలీ గుడ్డ) ముక్క వాడటం మాత్రం అందరికీ ఒకటే. చర్మం పిన్ను మీద అటూ ఇటూ జరిగే కొద్దీ ఇన్ఫెక్షన్ ఎక్కువవుతుంది, అందుకే గాజ్ గుడ్డను పిన్ను చుట్టూ కాస్త ఒత్తి చుట్టి ఉంచమంటారు.

ప్రశ్న: తొడ ఎముకలో మాగ్నెట్‌తో పనిచేసే రాడ్ వేశారు. బయట పిన్నులేవీ లేవు కాబట్టి సుఖమే అనుకున్నాను. కానీ మోకాలు రోజురోజుకీ వంగడం తగ్గిపోతోంది. ఫిజియోథెరపీ అంటే చిత్రహింస. పొడవు పెంచడం అయ్యాక చేసుకుంటే కుదరదా?

కుదరదు. బాగా బతిమాలి చెబుతున్నాను, వాయిదా వేయకండి.

లోపలి రాడ్ వల్ల పిన్నుల ఇన్ఫెక్షన్ బాధ తప్పుతుంది, నిజమే. కండరానికి మాత్రం రాడ్ లోపల ఉందా బయట ఉందా అనే తేడా తెలియదు, అది సాగేది సాగాల్సిందే. తొడ ఎముక పెరిగేకొద్దీ ముందువైపు పెద్ద కండరం, తొడ బయటివైపు పట్టీలా ఉండే గట్టి పొర బిగిసి మోకాలు వంగదు, తుంటి దగ్గర కాలు ముందుకు, లోపలికి లాక్కుపోతుంది. మోకాలి కింది ఎముకైతే మడమ పైకి లేచిపోయి మునివేళ్ల మీద నిలబడినట్టవుతుంది, మోకాలు పూర్తిగా చాచలేరు. బిగుతు మరీ ఎక్కువై పట్టించుకోకపోతే కీలు తన స్థానం నుంచి పక్కకు జరిగే ప్రమాదం కూడా ఉంది, పుట్టుకతో తొడ ఎముక లోపం ఉన్నవాళ్లలో మోకాలి లోపలి లిగమెంట్లు సరిగా ఉండవు కాబట్టి ఇంకా ఎక్కువ.

మోకాలు ఎంత వంగుతోందో ప్రతి వారం కొలిపించుకుని రాసిపెట్టుకోండి. వంగడం సుమారు 40 డిగ్రీలకు పడిపోయిందంటే చాలామంది సర్జన్లు పొడవు పెంచడం నెమ్మది చేస్తారు, లేదా ఆపేస్తారు. మీకు పొడవు కావాలంటేనే ఫిజియోథెరపీ కావాలి. అది మానేసి మిల్లీమీటర్లు పెంచుకుంటూ పోయినవాళ్లు చివరికి పొడవైన కాలితో, కుర్చీలో సరిగ్గా కూర్చోలేని మోకాలితో మిగిలిపోతారు.

చిత్రహింస అన్నారు కదా, దానికి మార్గం ఉంది. నొప్పి మాత్రను సెషన్‌కు అరగంట, ముప్పావు గంట ముందు పడేలా డాక్టరుతో మాట్లాడి వేళ మార్చుకోండి. రోజుకు ఒక్క గంట గట్టిగా కాకుండా, పది పదిహేను నిమిషాల చొప్పున చాలాసార్లు చేయండి, సాగదీత మెల్లగా, ఎక్కువసేపు పట్టి ఉంచేలా ఉండాలి. ఊపుతో, విసురుతో లాగేవాళ్లు ఉంటే ఆపమనండి. సాగదీస్తుంటే కండరం మధ్యలో లాగుడు తెలియడం సరైనదే, వదిలేశాక కొద్దిసేపట్లో సర్దుకోవాలి. కీలు లోపల గుచ్చినట్టు, పొడిచినట్టు ఉన్నా, పాదంలోకి తిమ్మిరి పాకినా అక్కడితో ఆపి చెప్పండి. రాడ్ లోపలే ఉంది కదా అని చెప్పినదాని కంటే ఎక్కువ బరువు కాలి మీద వేయకండి, టైటానియం మాగ్నెటిక్ రాడ్లు ఎముక గట్టిపడేలోపు పూర్తి బరువును మోయడానికి తయారు చేసినవి కావు, వంగిపోవచ్చు, విరగొచ్చు.

ప్రశ్న: పేరు వేయకండి. మూడు రోజులుగా కుడి కాలి బొటనవేలు పైకి లేవడం లేదు. పాదం పైన మొద్దుబారింది, అంతకు ముందు వారం మంటగా ఉండేది. ఇంకా 1 సెంటీమీటరే మిగిలింది. చెబితే ఆపేస్తారని చెప్పలేదు. పూర్తయ్యాక దానంతట అదే సర్దుకుంటుందా?

ఇది చదువుతున్న రోజు నుంచే తిప్పడం ఆపి, డాక్టరుకు ఫోన్ చేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

మోకాలి బయటివైపు, ఫిబులా అనే సన్నటి ఎముక మెడ చుట్టూ ఒక నరం తిరుగుతూ కిందికి వెళ్తుంది. పాదాన్ని, వేళ్లను పైకి లేపేది అదే. కాలు పెరుగుతుంటే ఆ మలుపు దగ్గర అది బిగుసుకుపోతుంది. మొదట పాదం పైన మంట, అతిగా జివ్వుమనడం, తర్వాత మొద్దు, ఆ తర్వాత బొటనవేలు లేవకపోవడం, చివరికి పాదమే వేలాడిపోవడం. మీకు మూడో మెట్టు వచ్చేసింది.

దీనికి చేసే వైద్యం చాలాసార్లు చిన్నదే. వేగం తగ్గిస్తారు, కొన్ని రోజులు ఆపుతారు, అవసరమైతే కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి తిప్పుతారు, అప్పటికీ తేరుకోకపోతే నరం మీది బిగుతును చిన్న ఆపరేషన్‌తో వదులు చేస్తారు. త్వరగా పట్టుకున్న నరాలు ఎక్కువగా తిరిగి పనిచేస్తాయి. ఆలస్యం చేసినవి నెలలు తీసుకుంటాయి, కొన్ని తిరిగి రావు. కాబట్టి "దానంతట అదే" అనే ఆశ పెట్టుకోకండి, నరం మీద లాగుడు ఆపకుండా అది ఎలా సర్దుకుంటుంది?

1990లో డ్రోర్ పేలీ అనే సర్జన్ ఈ వైద్యంలోని ఇబ్బందులను మూడుగా విడదీశారు: ఆపరేషన్ లేకుండా సర్దుకునేవి, మరో ఆపరేషన్‌తో సర్దుకునేవి, వైద్యం ముగిశాక కూడా మిగిలిపోయేవి. మీ నరం ఈ మూడింటిలో ఏ గదిలోకి వెళ్తుందన్నది చాలావరకు మీరు ఎప్పుడు చెబుతారన్నదాని మీదే ఉంది. ఆ ఒక్క సెంటీమీటరు మీకు ఎంత ముఖ్యమో నాకు అర్థమవుతుంది, దానికోసం ఇన్ని నెలలు పడుకున్నారు. కానీ తగ్గిన సెంటీమీటరుతో నడుస్తారు, పరిగెడతారు. వేలాడే పాదంతో ప్రతి అడుగులో తట్టుకుంటారు.

ప్రశ్న: ఎత్తు పెరగడం కోసం ఈ ఆపరేషన్ చేయించుకోవాలని ఉంది. నొప్పి తట్టుకోగలనా? 10 సెంటీమీటర్లు ఒకేసారి అవుతుందా?

నొప్పి తట్టుకోవడం కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒకసారికి ఒక ఎముకలో సుమారు 5 సెంటీమీటర్లు, లేదా ఆ ఎముక పొడవులో 20 శాతం దాటితే పైన చెప్పిన సమస్యలన్నీ బాగా పెరుగుతాయి. ఒకే ఎముకలో ఒకేసారి 10 అని ఎవరైనా హామీ ఇస్తే అక్కడ్నుంచి లేచి వచ్చేయండి. 5 సెంటీమీటర్లకే 50 రోజులు పొడవు పెంచడం, ఆ తర్వాత ఎముక గట్టిపడటానికి దాదాపు అంతకు రెట్టింపు కాలం, మొత్తం మీద ఐదారు నెలలు, కండరాలు మునుపటిలా అవడానికి ఇంకా ఎక్కువ. అన్నాళ్లు రోజూ ఫిజియోథెరపీ చేయించే మనిషి, పక్కన ఉండే మనిషి, రెండు వారాలకోసారి ఎక్స్‌రే చూసే సర్జన్ అందుబాటులో ఉన్నారా? ఆపరేషన్ ఒక చోట చేయించుకుని మిగతాదంతా దూరం నుంచి ఫోన్‌లో నడిపిద్దాం అనుకుంటే మాత్రం నేను వద్దనే చెబుతాను. మీ మనసు ఎలా ఉందో కూడా ముందే ఒక మానసిక నిపుణుడితో మాట్లాడండి, నెలలపాటు మంచం మీద ఉంటే దిగులు కమ్ముకోవడం చాలామందికి జరుగుతుంది.

ప్రశ్న: పొడవు పెంచడం అయిపోయి మూడు నెలలు. ఎక్స్‌రేలో ఎముక సరిగా రాలేదంటున్నారు. రింగులు ఎప్పుడు తీస్తారు? సిగరెట్ కారణం కావచ్చా?

కావచ్చు. కొత్త ఎముకకు రక్తం కావాలి, పొగ రక్తనాళాలను బిగిస్తుంది, పొగతాగేవాళ్లలో ఎముక ఆలస్యంగా రావడం బాగా తెలిసిన విషయమే. ఈ రోజే మానేయండి, మానలేకపోతే సాయం అడగండి. విటమిన్ డి పరీక్ష చేయించుకున్నారా? తక్కువుంటే సరిచేయడం తేలిక. ప్రోటీన్ సరిపడా తినండి, మందుల వల్ల ఆకలి లేక చాలామంది తిండి తగ్గించేస్తారు. రింగులున్నవాళ్లకు కాలి మీద బరువు వేయడం కూడా వైద్యమే, ఎముక బరువుకు స్పందించి గట్టిపడుతుంది, మీకు ఎంతవరకు వేయొచ్చో అడిగి అంతా వేయండి. ఇవన్నీ చేసినా రాకపోతే ఎముక ముక్కలు పెట్టడం లాంటి మార్గాలున్నాయి, అది మీ సర్జన్ నిర్ణయిస్తారు.

రింగులు తీయడానికి సాధారణంగా చూసేది, ఎముక నాలుగు వైపులా ఉండే గట్టి పొరల్లో కనీసం మూడు ఎక్స్‌రేలో స్పష్టంగా ఏర్పడ్డాయా అని. నెలల లెక్కతో కాదు. తొందరపడి తీయించుకుంటే కొత్త ఎముక వంగిపోవడం, విరగడం జరుగుతాయి. తీసిన తర్వాత మొదటి వారాల్లోనూ విరిగే ప్రమాదం ఉంటుంది, కాబట్టి కట్టు గానీ బ్రేస్ గానీ ఇస్తే వాడండి, ఊతకర్రలు ఎప్పుడు వదలాలో అడిగే వదలండి. అప్పటిదాకా లేని నొప్పి కొత్త ఎముక చోట మొదలైనా, కాలు కొంచెం వంకరగా అనిపించినా నడక ఆపి ఎక్స్‌రే తీయించుకోండి.